రిపేరుకే నా ఓటు

మా ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. పెంటియం త్రీ ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, 20 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 98. 2001లో నాన్న గుంటూరులో అసెంబుల్ చేయించి, సీపీయూని ఒళ్లో పెట్టుకుని చిలకలూరిపేట బస్సులో తెచ్చుకున్నాడు. మానిటర్‌కి కండక్టర్ ఇంకో టికెట్ కొట్టాడని ఇప్పటికీ చెప్తాడు. పదమూడేళ్లు మా డీటీపీ షాపు నడిచింది దాని మీదే. షాపు మూసేశాక ఇంట్లో ఒక మూలకి చేరింది. మీద పాత దుప్పటి, దుప్పటి మీద అమ్మ ఆరేసిన బట్టలు. నేను ఇంజినీరింగ్‌లో చేరేదాకా దాన్ని ఒక బల్ల అనే అనుకున్నానంటే నమ్మండి.

ఈ సంక్రాంతి సెలవుల్లో దాన్ని మళ్లీ ఆన్ చేయాల్సి వచ్చింది. చేస్తే అది పాడైందని తెలిసింది. బాగు చేయించాలా, తీసేసి కొత్తది కొనాలా అని ఇంట్లో నెలరోజులు వాదన జరిగింది. నేను మొదటి నుంచీ రిపేర్ పార్టీ. హాస్టల్లో ఈ సంగతి చెప్తే అందరూ నవ్వారు. కంప్యూటర్ సైన్స్ చదువుతూ పాతికేళ్ల డబ్బాకి టంకం పెట్టించడమేంటని అడిగారు. వాళ్లకి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

ముందు ఫోన్ సంగతి. మా ఊళ్లో ఒక తెలుగు మాస్టారు ఉండేవారు. రిటైరయ్యాక చిలకలూరిపేట నుంచి మార్టూరు, పర్చూరు దాకా సైకిలేసుకుని తిరిగి పత్తి, మిరప చేలల్లో జనం వాడే మాటలు పోగేశారు. తాలు, కల్లం, పదును, గూడ, తీత, అచ్చు తోలడం, ఇలాంటివి. ఒక్కో మాటకి అర్థం, ఏ ఊళ్లో ఎలా పలుకుతారు, ఏ పని దగ్గర వాడతారు అన్నీ రాసుకున్నారు. 2004లో ఆ నోటుపుస్తకాలు నాన్నకిచ్చి టైప్ చేయించారు. 112 పేజీలు. రెండుసార్లు ప్రూఫులు దిద్దారు. అచ్చుకి డబ్బులు సమకూరలేదు. తర్వాత ఆయనే పోయారు. నోటుపుస్తకాలు వాళ్లింట్లో అటక మీద చెదలు తినేశాయి.

జనవరిలో మాస్టారి అమ్మాయి ఒంగోలు నుంచి నాన్నకి ఫోన్ చేసింది. "అన్నయ్యా, మా నాన్న పుస్తకం నీ కంప్యూటర్లో ఇంకా ఉందా?" అని. నాన్న ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. ఫోన్ పెట్టేసి దుప్పటి తీశాడు.

స్విచ్ వేస్తే ఫ్యాన్ గరగరమంది. విండోస్ 98 బొమ్మ వచ్చింది. నాలుగైదు నిమిషాలకి తనంతట తానే ఆగి మళ్లీ మొదలైంది. మళ్లీ అంతే. ప్రతిసారీ తేదీ 1999 జనవరి 1 అని చూపిస్తోంది. తేదీ సంగతి చిన్నదే, బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. దానంతటది ఆగిపోవడమే అసలు రోగం.

ఇంట్లో తలా ఒక మాట అన్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసే అన్నయ్య, "కొత్తది నేను కొనిస్తా, డిస్క్ ఊడదీసి ఫైళ్లు కాపీ చేసుకోండి, డబ్బాని వదిలించుకోండి" అన్నాడు. ఈసీఈ చదివే నా రూమ్మేట్, క్యాబినెట్ అలాగే ఉంచి లోపల బోర్డు, ర్యామ్ మార్చేస్తే రాకెట్‌లా పోద్దన్నాడు. పాతసామాన్ల బండి వచ్చినప్పుడు ఇచ్చేస్తే అక్కడ మంచం పడుతుందనేది అమ్మ మాట. నాన్న ఏమీ అనలేదు.

అన్నయ్య మాటలో సగం నిజముంది కాబట్టి ముందు అదే చేశాం. పాత కంప్యూటర్ విషయంలో రిపేరన్నా అప్‌గ్రేడన్నా మొదట చేయాల్సింది డిస్క్ కాపీ తీయడమే. పదే పదే ఆగిపోతున్న మెషీన్ని "ఇంకొక్కసారి చూద్దాం" అని ఆన్ చేస్తూ పోతే ఉన్నది కూడా పోతుంది. పాతికేళ్ల డిస్క్ ఎప్పుడు తిరగడం ఆపేస్తుందో ఎవరూ చెప్పలేరు.

క్యాబినెట్ మూత తీయగానే ముగ్గురం తుమ్ములు. ఆగని తుమ్ములు. మా షాపు రోడ్డు పక్కనే ఉండేది. ఒంగోలు వైపు నుంచి గుంటూరు యార్డుకి వెళ్లే మిర్చి టిక్కీల లారీలన్నీ మా పేట మీదుగానే పోయేవి. పదమూడు సీజన్ల తేజ, బాడిగ, 334 ఘాటంతా ఆ ఫ్యాన్ పీల్చి లోపల దాచుకుంది. దానికి తోడు జిన్నింగ్ మిల్లుల నుంచి గాలికొచ్చిన దూది నూగు, పవర్ సప్లై జాలీల్లో పరుపులా పేరుకుంది. మన జిల్లాల్లో కంప్యూటర్లు వేడెక్కి చావడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. ముక్కుకి గుడ్డ కట్టుకుని పెయింట్ బ్రష్‌తో ఊడ్చాం. (ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉన్నవాళ్లు నేరుగా బోర్డుకి ఆనించకండి, స్టాటిక్ వల్ల చిప్పులు పోతాయి.)

డిస్క్ తీసి ఐడీఈ-యూఎస్‌బీ అడాప్టర్‌తో నా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. అదృష్టం, చదివింది. మొత్తం డిస్క్‌ని ఇమేజ్‌గా తీసుకున్నాను. పదకొండు వందల పైచిలుకు ఫైళ్లు. పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభలు కట్టేవాళ్ల కరపత్రాలు. 'అర్జీలు' అని ఒక ఫోల్డర్, నకిలీ విత్తనాలతో మునిగిన రైతులకి నాన్న కలెక్టరుకి టైప్ చేసిచ్చిన కాగితాలవి. మాస్టారి పుస్తకం కూడా ఉంది. "అయిపోయిందిగా, ఇంకేం రిపేరు?" అని అన్నయ్య మెసేజ్ పెట్టాడు.

అవ్వలేదు. కథ ఇక్కడే మొదలైంది.

మాస్టారి పుస్తకం పేజ్‌మేకర్ ఫైల్. పేజ్‌మేకర్‌లో 2001లో వచ్చిన 7.0 ఆఖరి వెర్షన్, ఆ తర్వాత ఆ లైను ఆగిపోయింది. అయినా లిబ్రేఆఫీస్ ఆ ఫైల్ని తెరిచింది. పేజీ కొలతలు వచ్చాయి, గీతలు వచ్చాయి, అక్షరాలు ఉండాల్సిన చోట మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, తలకట్టు లేని యూరోపియన్ పిచ్చిగీతలు వచ్చాయి.

కారణం తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. ఇప్పుడు మీరు ఫోన్‌లో 'క' అని కొడితే ఆ అక్షరానికి యూనికోడ్‌లో సొంత సంఖ్య ఉంది, 3093. ప్రపంచంలో ఏ కంప్యూటరైనా ఆ సంఖ్యని 'క' అనే అర్థం చేసుకుంటుంది. యూనికోడ్ 1991లోనే వచ్చినా, విండోస్‌లో తెలుగు దానంతటది కనపడటం మొదలైంది ఎక్స్‌పీ నుంచి, గౌతమి ఫాంట్‌తో. విండోస్ 98కి తెలుగు అనే భాష ఉందనే తెలియదు. అందుకని డీటీపీ వాళ్లు ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాలుండే గదుల్లో తెలుగు ముక్కలు పెట్టారు. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో కొమ్ము, ఒక గదిలో వత్తు. ఆపరేటర్ రెండు మూడు ముక్కలు కలిపి ఒక అక్షరం కడతాడు. సీసం అచ్చులు ఏరి పేర్చిన కంపోజిటర్ పని లాంటిదే, చేతుల బదులు కీబోర్డుతో. కంప్యూటర్ మాత్రం ఇంగ్లీషే దాస్తున్నానని అనుకుంటుంది. అను, శ్రీలిపి లాంటి పేర్లు మీలో డీటీపీ తెలిసిన ఇళ్లవాళ్లు విని ఉంటారు. నాన్న వాడిన ప్యాకేజీ ఏదన్నది అనవసరం, ఆ తరం ఫాంట్లన్నీ ఇలాంటివే. ఒకరి గదులు ఇంకొకరికి కలవవు. అది తప్పని నేననను. ఆ ఉపాయమే లేకపోతే పదిహేనేళ్ల తెలుగు అచ్చు పని ఆగిపోయేది.

పాత డిస్క్‌లోంచి ఆ ఫాంట్లు తెచ్చి ల్యాప్‌టాప్‌లో వేశాను. చాలా అక్షరాలు వచ్చాయి! గంతులేశాను. నాన్నని పిలిచి చూపించాను. ఆయన ఒక పేజీ చదివి, "ఇది మాస్టారు రాసింది కాదురా" అన్నాడు. చూస్తే కొన్ని వత్తులు లేవు. కొన్ని గుణింతాల గుర్తులు వేరే గుర్తులయ్యాయి. ఆ గదుల్ని ఇప్పటి సిస్టమ్ వేరేగా లెక్కపెట్టుకుంటోంది. ఆన్‌లైన్‌లో దొరికే కన్వర్టర్లలో వేస్తే ఇంకో రకం తప్పులు వచ్చాయి.

పెళ్లికార్డులో ఇలాంటి తప్పులొస్తే ఫర్వాలేదు. 'శుభలేఖ'లో ఒక గుర్తు పోయినా మనం ఊహించుకుని చదువుతాం. వార్త అయినా అంతే, చుట్టూ ఉన్న మాటలు సాయం చేస్తాయి. మాస్టారిది పల్లె మాటల పుస్తకం. ఏ నిఘంటువులో లేవనే కదా ఆయన సైకిలేసుకుని పోగేసింది. అందులో ఒక వత్తు పోతే అది తప్పో, ఆ ఊళ్లో అలాగే అంటారో చెప్పేదెవరు? తోటలో గూడ వచ్చిందంటే మొగ్గ వచ్చిందని. ఒక గుర్తు మారి అది 'గూడు' అయిందనుకోండి, ఎండాకాలం పుట్టిన నాకు అదీ నిజమే అనిపిస్తుంది. తొంభై శాతం కరెక్ట్ అని సాఫ్ట్‌వేర్ వాళ్లు మురిసిపోతారు. ఇలాంటి పుస్తకంలో తొంభై శాతం కరెక్ట్ అంటే, మిగతా పది శాతం ఎక్కడుందో తెలియక మొత్తం పుస్తకాన్ని నమ్మలేకపోవడం.

కాబట్టి నాకు కావాల్సింది ఫైల్ కాదు. 2004లో ఆ తెర మీద నాన్నా, మాస్టారూ పక్కపక్కన కూర్చుని చూసిన పేజీ కావాలి. ఆ పేజీ ఆ ఫైల్, ఆ ఫాంట్ ప్యాకేజీ, ఆ పేజ్‌మేకర్, ఆ విండోస్ నాలుగూ కలిస్తేనే వస్తుంది. ఆ నాలుగూ కలిసి ఉన్న చోటు ఈ ప్రపంచంలో ఒక్కటే, మా ఇంటి మూల.

"వర్చువల్ మెషీన్ పెట్టుకోవచ్చుగా" అని మీరడిగేలోపే చెప్తున్నా, పెట్టాను. రెండు రాత్రులు కూర్చున్నాను. డిస్క్ ఇమేజ్‌ని అందులో వేస్తే విండోస్ 98 పదహారు రంగుల్లో లేచింది. ఫాంట్ ప్యాకేజీ తెరవగానే లాక్ అడిగింది. ఆ రోజుల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తో ఒక డాంగిల్ ఇచ్చేవాళ్లు, ప్రింటర్ పోర్టుకి తగిలిస్తేనే పనిచేసేది. డాంగిల్ మా సీపీయూ వెనకాల పాతికేళ్లుగా వేలాడుతూనే ఉంది. తగిలించడానికి నా ల్యాప్‌టాప్‌కి ఆ పోర్టు లేదు.

ఎమ్యులేటర్లని నేను తక్కువ చేయడం లేదు. బ్రిటన్‌లో జరిగిన ఒక కథ ఈ వాదనకి రెండువైపులా పనికొస్తుంది. 1086లో వాళ్ల రాజు రాయించిన భూముల లెక్కల పుస్తకం డోమ్స్‌డే బుక్. దానికి 900 ఏళ్లయిన సందర్భంగా 1986లో బీబీసీ వాళ్లు దేశమంతటా బడిపిల్లల చేత ఊళ్ల వివరాలు రాయించి, ఫోటోలతో సహా లేజర్ డిస్కుల మీద ఎక్కించారు. చూడటానికి ఏకార్న్ కంపెనీ బీబీసీ మాస్టర్ కంప్యూటర్ కావాలి, ప్రత్యేకమైన ప్లేయర్ కావాలి. (ఆ కుటుంబంలోదే బీబీసీ మైక్రో. 1984లో మన దేశంలో క్లాస్ ప్రాజెక్టు కింద బడులకిచ్చింది వాటినే.) పదహారేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే మెషీన్లే కరువయ్యాయి. తొమ్మిది వందల ఏళ్ల తోలు పుస్తకాన్ని మాత్రం ఇప్పటికీ చదవొచ్చు. 2002 నాటికి లీడ్స్, మిషిగన్ యూనివర్సిటీల వాళ్లు ఆ పాత కంప్యూటర్‌ని అనుకరించే ఎమ్యులేటర్ తయారుచేసి ఆ సమాచారాన్ని మళ్లీ తెర మీదకి తెచ్చారు. నిజమే, ఎమ్యులేటర్ గెలిచింది. కానీ డిస్కుల్లో ఉన్నది బయటికి లాగడానికి ముందు పనిచేసే పాత ప్లేయర్ ఒకటి కావాల్సి వచ్చింది.

అంత దూరం ఎందుకు, మా పేటకి దగ్గర్లోనే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టిన గ్రంథాలయం. అక్కడికెళ్లి వందేళ్ల నాటి పత్రికని బీరువాలోంచి తీయించుకుని చదువుకోవచ్చు. ఏ డాంగిలూ అడగదు. లెటర్‌ప్రెస్సులు మూతపడ్డప్పుడు సీసం అచ్చుల్ని కిలోల లెక్కన అమ్మేసినా, వాటితో అచ్చయిన పుస్తకాలు బతికే ఉన్నాయి. డీటీపీ కాలంలో అచ్చుకి వెళ్లనిది ఎక్కడా లేదు. మన అమ్మానాన్నల వయసు రచయితలు 1995 నుంచి 2010 దాకా టైప్ చేయించి దాచుకున్నవి ఎన్ని ఇలా మూలన పడి ఉన్నాయో.

ఇక రూమ్మేట్ చెప్పిన మార్గం, బోర్డు మార్చడం. విన్నప్పుడు ఆశ పుట్టింది. తీరా కూర్చుని లెక్కేస్తే, కొత్త బోర్డుకి ఐడీఈ సాకెట్ ఉండదు, కాబట్టి డిస్క్ మార్చాలి. ప్రింటర్ పోర్టు ఉండదు, డాంగిల్ పోయింది. విండోస్ 98కి డ్రైవర్లుండవు, కాబట్టి విండోస్ మార్చాలి. ర్యామ్ 512 ఎంబీ దాటితేనే విండోస్ 98 తడబడుతుంది, ఇప్పుడు దొరికే స్టిక్కే 8 జీబీ. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవుని, ఆవుని కాయడానికి పెళ్లాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ. చివరికి క్యాబినెట్ రేకు తప్ప ఏదీ పాతది మిగలదు. దాన్ని అప్‌గ్రేడ్ అనడం కూడా తప్పే, వేరే కంప్యూటర్‌కి పాత చొక్కా తొడగడం అది.

అలా రిపేరు ఒక్కటే మిగిలింది. ఇందులో నాకు తెలిసింది తక్కువ, నేర్చుకున్నది ఎక్కువ. బోర్డు మీద ప్రాసెసర్ పక్కన సిలిండర్ ఆకారంలో కెపాసిటర్లు వరసగా ఉంటాయి. వాటిల్లో ఐదింటి నెత్తి ఉబ్బి ఉంది, ఒకదాని నుంచి గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. మాకు పాఠాల్లో కెపాసిటర్ అంటే రెండు సమాంతర గీతలు. నిజం కెపాసిటర్ చావడం చూడటం అదే మొదటిసారి.

చదివితే తెలిసింది, ఇది మా ఒక్కరి గొడవ కాదు. 1999 నుంచి 2007 దాకా తయారైన లక్షల బోర్డుల్లో ఇదే రోగం. లోపలి ఎలక్ట్రోలైట్ ద్రవం సరైన పాళ్లలో లేక, వాడేకొద్దీ గ్యాస్ పుట్టి నెత్తి పగులుతుంది. 'కెపాసిటర్ ప్లేగు' అని పేరు కూడా పెట్టారు. పవర్ సప్లై ఇచ్చే 5 వోల్టులనో, 12 వోల్టులనో ప్రాసెసర్ కోసం రెండు వోల్టుల లోపుకి దింపుతారు. అందుకు క్షణానికి లక్షలసార్లు స్విచ్ వేసి తీస్తారు. ఆ కుదుపుల్ని తినేది ఈ కెపాసిటర్లే. అవి పోతే కరెంటు నిలకడగా ఉండదు, వేడెక్కగానే మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. మా జబ్బు అచ్చంగా అదే.

పేట బస్టాండు దగ్గర ఒక టీవీ మెకానిక్ ఉన్నాడు. డెబ్బై దగ్గర పడ్డాడు. బోర్డు చూసి, "అన్నం పొంగినట్టు పొంగినయ్యి గదయ్యా. మారిస్తే పోద్ది" అన్నాడు. నేను గుంటూరులో ఒక షాపులో 6.3 వోల్టుల 1500 మైక్రోఫారడ్‌వి కొనుక్కొచ్చాను. వేశాం. పది నిమిషాలు నడిచి మళ్లీ ఆగింది. తప్పు నాదే. మైక్రోఫారడ్లు, వోల్టులు చూశాను కానీ ఈఎస్ఆర్ చూడలేదు. అంటే లోపలి నిరోధం. మామూలు రకం ఈ చోట వాడితే అదే వేడెక్కిపోతుంది. లో-ఈఎస్ఆర్ రకం ఆన్‌లైన్‌లో తెప్పించాల్సి వచ్చింది. బోర్డు మందంగా ఉంటుంది, లోపల రాగి పొరలు వేడిని లాగేసుకుంటాయి, మా ల్యాబులో వాడే 25 వాట్ల ఐరన్‌కి టంకం కరగలేదు. ఆయన పెద్ద ఐరన్‌తో, కాలికి కొత్త టంకం కొంచెం అద్ది, పాతది మెల్లగా లాగాడు. చెయ్యి వణికింది గానీ పని వణకలేదు. ఐదు పోయినా తొమ్మిదీ మార్చాం, మిగతా నాలుగూ అదే వయసువి కాబట్టి.

కెపాసిటర్లు రెండుసార్లకీ కలిపి 410 రూపాయలు. బ్యాటరీ 30. ఆయన 300 తీసుకున్నాడు, మొదటిసారి వేసినందుకు డబ్బులొద్దన్నాడు. మొత్తం 740. అన్నయ్య కొనిస్తానన్న సిస్టమ్ 45 వేలు. డబ్బుతో వాదన గెలవాలని కాదు, రిపేరంటే తెల్ల ఏనుగు అనుకునేవాళ్ల కోసం చెప్తున్నా.

ఒక చోట నేను కూడా అప్‌గ్రేడ్ చేశాను, దాచను. పాత డిస్క్‌ని తీసి డబ్బాలో భద్రంగా పెట్టి, దాని కాపీని కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు మీద వేసి, అడాప్టర్‌తో అదే ఐడీఈ కేబుల్‌కి తగిలించాను. ఫ్యాన్ కూడా కొత్తదే. అరిగిపోయేవి మార్చొచ్చు. పాత ఫైల్ని అర్థం చేసుకునే భాగాల జోలికి మాత్రం పోకూడదు. నెట్‌కి దీన్ని తగిలించే ప్రశ్నే లేదు. విండోస్ 98కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2006 జులైతోనే ఆగిపోయాయి.

అన్ని పాత కంప్యూటర్లకీ ఇదే చేయమంటానా? అనను. మా పెదనాన్న కొడుకు దగ్గర 2008 నాటి డబ్బా ఉంది, అందులో సినిమాలు, గేములు తప్ప ఏమీ లేవు. పాతసామాన్ల బండికి కాకుండా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయమన్నాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కూడా సపోర్ట్ అయిపోయింది కదా, మీలో చాలామంది ఇళ్లల్లో 2016, 17లో కొన్న ల్యాప్‌టాప్‌లుంటాయి. వాటికి ఎస్ఎస్‌డీ వేసి లినక్స్ పెట్టుకోండి, శుభ్రంగా నడుస్తాయి. అక్కడ అప్‌గ్రేడే మంచిది, ఎందుకంటే అందులో ఉన్నవన్నీ ఇంకో కంప్యూటర్ కూడా చదవగలదు. నేను అడగమనేది ఒక్క ప్రశ్న: ఈ పెట్టె పోతే, దానితోపాటు ఇంకెవరూ చదవలేనిది ఏదైనా పోతుందా? పోతుందంటే ముందు రిపేరు. తర్వాత మీ ఇష్టం. నేను కూడా అన్ని ఫైళ్లూ బయటికొచ్చాక దాన్ని ఉంచాలా వద్దా అని ఆలోచిస్తాను. గుడి కట్టమని అనడం లేదు.

రెండోసారి కెపాసిటర్లు వేసింది శివరాత్రి ముందు ఆదివారం. గంటసేపు ఆన్‌లో ఉంచాం. ఆగలేదు. పేజ్‌మేకర్ తెరిచి మాస్టారి ఫైల్ నొక్కాను. వత్తులతో, కొమ్ములతో, పేజీ అడుగున మాస్టారు పట్టుబట్టి పెట్టించిన సన్న గీతతో సహా వచ్చింది. మొత్తం పేజీల్ని పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్‌గా ప్రింట్ చేసి, ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్ చేశాను. ఒంగోలుకి ఆ రాత్రే వాట్సాప్‌లో పంపాం. ఆవిడ తిరిగి ఏమీ రాయలేదు, పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది.

పీడీఎఫ్ వచ్చినా అది బొమ్మ లాంటిదే, అందులో మాట వెతకడానికి కుదరదు. దాన్ని చూసుకుంటూ యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయాలి. కన్వర్టర్ ఇచ్చింది ముందు పెట్టుకుని, పాత తెర మీద పేజీతో అక్షరం అక్షరం పోల్చి దిద్దుతున్నాం. 38 పేజీలయ్యాయి, 'గ' దగ్గరున్నాం. మిగిలిన 74 పేజీలకి మన క్లబ్‌లో తలా నాలుగు పేజీలు తీసుకుంటే పరీక్షల్లోపు అయిపోతుంది. గుంటూరు, ప్రకాశం పల్లెలవాళ్లయితే మరీ మంచిది, అనుమానమొస్తే ఇంట్లో అడగొచ్చు. పేర్లు నాకు పంపండి.

ఆ ఆదివారం ఇంకొకటి జరిగింది. పేజీలు జరుపుతుంటే నాన్న ఒకచోట ఆపమన్నాడు. 'కల్లం' దగ్గర ఒక కామా రెండుసార్లు పడింది. "ఇది మాస్టారు రెండో ప్రూఫులో కొట్టేశారు, నేను దిద్దడం మర్చిపోయా" అన్నాడు. నన్ను లేవమని కుర్చీలో కూర్చున్నాడు. పన్నెండేళ్లుగా ఆ కీబోర్డు ముట్టుకోలేదు, అయినా వేళ్లు చూసుకోకుండానే కామా తీసేసి, ఆ వాక్యం మళ్లీ ఒకసారి చదివి సేవ్ కొట్టాడు. కొత్త బ్యాటరీ వేశాక తేదీ పెట్టడం మర్చిపోయాం. ఆ ఫైల్ ఆఖరిసారి దిద్దింది 1999 జనవరి 1 అని చూపిస్తోంది, అలాగే ఉంచేశాం.